జాల్నా పిచ్చాసుపత్రిలో ఆయాగా చేరిన వరంగల్ పిల్ల: నా నవలలో నాయిక మరీ దేవత అయిపోయిందా?

ప్రశ్న: కొత్తవాడ రచయిత్రి

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఒక చారిత్రక నవల రాస్తున్నాను. కథాకాలం 1946 నుంచి 1953 వరకు. నాయిక వరంగల్ కొత్తవాడలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన పద్దెనిమిదేళ్ల పిల్ల. ఆజంజాహి మిల్లులో పనిచేసే తండ్రి జబ్బుపడి చనిపోగా, దూరపు బంధువు ఒకాయన ఆమెను జాల్నాకు తీసుకుపోయి, నిజాం సర్కారు వారి పిచ్చాసుపత్రిలో ఆడవాళ్ల వార్డులో ఆయాగా పెట్టిస్తాడు. 1953లో ఆ ఆసుపత్రి హైదరాబాదు ఎర్రగడ్డకు తరలి రావడంతో నవల ముగుస్తుంది.

రాతప్రతి చదివిన ఇద్దరు మిత్రులు వేర్వేరుగా ఒకే మాట చెప్పారు: ఈ పిల్ల రోగులను ఒక్కసారైనా కసురుకోదు, ఎవరినీ కట్టెయ్యదు, డాక్టర్లు మాత్రం అందరూ కర్కోటకులే, ఇది నమ్మేలా లేదు అని. వారి మాటలో నిజం ఉందని నాకూ తెలుసు. అయితే ఆమె చేత కఠినమైన పని చేయిస్తే చదివేవాళ్లకు ఆమె మీద మనసు విరిగిపోతుందేమోనని జంకుతున్నాను.

మరొక సందేహం. 1948 వర్షాకాలంలో, ఏడాదిగా నోరు విప్పని ఒక పల్లెటూరి స్త్రీ లార్గాక్టిల్ అనే మానసిక రోగాల మందు మాత్రలతో మళ్లీ మాట్లాడుతుంది. నవలకు ఆయువుపట్టు ఆ ఘట్టమే. అందులో కాలదోషం ఏమైనా ఉన్నదా? ‘పిచ్చి’ అనే మాటను ఈ రోజుల్లో వాడవచ్చునా అన్నది కూడా చెప్పగలరు.

జవాబు: విశ్రాంత నర్సు, హనుమకొండ

అమ్మా, నేను మీ కథాకాలానికి చాలా తరువాత, 1970ల చివరలో, ఒక మానసిక వైద్యశాలలో కొన్నేళ్లు పనిచేశాను. ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. మీ మిత్రులు చెప్పినది సరైనదే. కానీ కఠినత్వం అనగానే కొట్టడం, తిట్టడం మాత్రమే మీ మనసులో మెదులుతున్నట్టున్నది. మా చేతుల మీదుగా జరిగిన కఠినమైన పనులు చాలావరకు కోపంతో చేసినవి కావు, డ్యూటీ కాబట్టి చేసినవి.

ఒకటి చెబుతాను. కొత్తగా చేరిన ఆడవాళ్ల తలలో పేలుంటాయని జుట్టు కుదురు దాకా కత్తిరించేవాళ్లం. కత్తెర నా చేతికే ఇచ్చారు. జనగామ వైపు పల్లె నుంచి వచ్చిన ఒకామె, కత్తెర చూడగానే రెండు చేతులతో తల కప్పుకొని, “నా మొగడు బతికే ఉన్నడమ్మా, నాకెందుకు జుట్టు తీస్తున్నరు” అని ఏడ్చింది. ఆమె అడిగిన దాంట్లో పిచ్చి ఏమీ లేదు, మన ఇండ్లలో ఏ స్త్రీకైనా ముందుగా తట్టే ప్రశ్న అదే. అయినా కత్తిరించాను. ఆ నెలలో ఎందరికి కత్తిరించానో గుర్తు లేదు గానీ, నా చేయి చురుకని మెచ్చుకోవడం మాత్రం గుర్తున్నది.

కరెంటు చికిత్సకు, అంటే తలకు కరెంటు పెట్టి మూర్ఛ రప్పించడానికి, మత్తుమందు ఇవ్వని రోజులవి. భుజాలు ఇద్దరం, నడుము ఒకరం, కాళ్లు ఒకరం పట్టుకొని, పళ్ల మధ్య గుడ్డ చుట్టిన రబ్బరు పెట్టి, వణుకు ఆగేదాకా అదిమి ఉంచేవాళ్లం. గట్టిగా పట్టుకోకపోతే ఎముకలు విరుగుతాయి. కాబట్టి దయ అంటే అక్కడ గట్టిగా పట్టుకోవడమే. ఇది మీ నాయికకు ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు, రెండో వారానికి ఆమె చేతులకే తెలిసిపోతుంది.

నిద్ర మందుగా పారాల్డిహైడ్ ఇచ్చిన వార్డులో తెల్లవారేసరికి రోగుల ఊపిరిలో ఆ ఘాటు కమ్ముకొని ఉంటుంది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నా ముక్కును వదలదు. ఆ పిల్ల నడుముకు తాళాల గుత్తి కట్టండి. ఆ గుత్తి బరువు ఆమె ఎప్పుడు మరచిపోయిందో రాయగలిగితే, ఆమె దేవత కాదని మీరు వేరే చెప్పనక్కర లేదు.

జవాబు: చరిత్ర పాఠకుడు, కాజీపేట

రచయిత్రి గారికి, లార్గాక్టిల్ ఘట్టం నిలవదు. ఆ మందు, అంటే క్లోర్‌ప్రొమజైన్, ఫ్రాన్సులో మొదట తయారైనదే 1950 డిసెంబరులో. పారిస్‌లో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే వైద్యులు మానసిక రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించినది 1952లో. 1948 నాటికి డాక్టర్ల చేతిలో ఉన్నవి 1938లో రోములో మొదలైన కరెంటు చికిత్స, ఇన్సులిన్ సూదితో స్పృహ తప్పించే ఇన్సులిన్ కోమా, నిద్ర మందులు. ఉన్మాదాన్ని తగ్గించే సర్పగంధ వేరు గుణాన్ని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే వైద్య పత్రికకు ఎక్కించారు గనుక దానికీ చోటివ్వవచ్చు.

మానసిక రోగులను ఆసుపత్రిలో చేర్చడానికి సంబంధించిన 1912 నాటి ఇండియన్ లూనసీ యాక్ట్‌ను చాలామంది కథల్లో ఎక్కడ పడితే అక్కడ వాడేస్తారు. అది బ్రిటిషు ఇండియా చట్టం. పోలీసు చర్యకు ముందు నిజాం రాజ్యంలో దాన్ని పేర్కొనకండి. ఆసుపత్రి రిజిస్టరు ఉర్దూలో ఉండాలి, తేదీలు నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరాల లెక్కలో పడాలి. మీ 1948 వర్షాకాలం 1357 ఫసలీ అవుతుంది. జీతం నిజాం నాణెమైన హాలీ సిక్కాలో చేతికి రావాలి. వరంగల్ నుంచి సికింద్రాబాదు దాకా పెద్ద రైలు, అక్కడ దిగి నిజామాబాదు, బాసర గోదావరి వంతెన, నాందేడు, పర్భణీల మీదుగా జాల్నాకు మీటరుగేజి బండి. ఆ పిల్ల జీవితంలో అంత దూరం అదే మొదటిసారి కాబట్టి రెండు పేజీలు ఖర్చుపెట్టినా తప్పు లేదు.

‘పిచ్చి’ విషయానికి వస్తే, పాత్రల నోట పాగల్‌ఖానా, పిచ్చిదవాఖాన తప్ప మరొకటి పలికితే కృతకంగా ఉంటుంది. కథ చెప్పే గొంతు మాత్రం ఆ మాటకు దూరంగా ఉంటే సరిపోతుంది. “నిన్ను ఎర్రగడ్డకు పంపాలె” అని మనం ఇప్పటికీ ఎగతాళిగా వాడే మాటను 1953కు ముందు ఎవరి చేతా అనిపించకండి!

అసలు సంగతి ఇది. జాల్నా మరాఠ్వాడా ఊరు. అక్కడ వినబడేది మరాఠీ, ఉర్దూ. తెలుగు జిల్లాల నుంచి తెచ్చి వదిలిన స్త్రీ ఏం మాట్లాడినా డాక్టరుకు గొణుగుడుగానే వినిపిస్తుంది. మీ నాయిక ఒక్కతే ఇద్దరికీ మధ్య దుబాసీ అవుతుంది. పని తొందరలోనో, భయంతోనో, జాలితోనో ఆమె ఒక మాటను మార్చి చెబితే? కొట్టని, తిట్టని మనిషి చేయగల తప్పు అంతకంటే పెద్దది నాకు తోచడం లేదు.

జవాబు: వైద్యుడు, కరీంనగర్

లార్గాక్టిల్ పోయినందుకు విచారించకండి, దానికంటే మన నేలకు దగ్గరైన మార్గం ఒకటి ఉన్నది. పెల్లాగ్రా అనే జబ్బులో ఎండ తగిలిన చోట చర్మం నల్లగా మొరటుబారుతుంది, మెడ చుట్టూ కంటె వేసుకున్నట్టు మచ్చ ఏర్పడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి తప్పుతుంది. నియాసిన్ అనే విటమిన్ లోపమే దీనికి మూలమని 1937 నుంచి తెలుసు. జొన్న మీదనే బతికే మన ప్రాంతపు పేదలలో ఈ జబ్బు కనబడడాన్ని హైదరాబాదులో పరిశోధించి, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీనులో ఒక భాగం) ఎక్కువగా ఉండడం కారణమని సి. గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు.

మీ మాట్లాడని స్త్రీకి ఈ జబ్బే పెట్టండి. ఊరిలో దయ్యం పట్టిందన్నారు, దర్గాకు తిప్పారు, చివరికి జాల్నాలో వదిలారు. తిండి సరిగా పెట్టి, నియాసిన్ ఇస్తే ఇటువంటి రోగికి కొద్ది రోజుల్లోనే తెలివి తేటపడుతుంది. 1948లో అది జరగగలిగినదే. మెడ మీది మచ్చను ముందుగా గమనించగలిగేది స్నానం చేయించే ఆయా కదా. డాక్టరును కర్కోటకుణ్ణి చేయకుండానే అతను చూడలేకపోయినదాన్ని ఆమె చేత చూపించవచ్చు.

ఇన్సులిన్ కోమా గురించి ఒక్క మాట. తెల్లవారుజామున పరగడుపున సూది వేసి, స్పృహ తప్పించి, గంటల తరబడి నాడి పట్టుకొని కూర్చొని, ముక్కు గొట్టం ద్వారా చక్కెర నీళ్లు పోసి లేపేవారు. దానితో రోగులకు కనిపించిన మేలు మందుది కాదని హెరాల్డ్ బోర్న్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో వాదించినది సరిగ్గా 1953లోనే. పక్కన మనిషి కూర్చొని అంతసేపు కనిపెట్టుకొని ఉండడం వల్లనే కొందరు కోలుకొని ఉంటారని తరువాత చాలామంది భావించారు.

రచయిత్రి

అందరికీ కృతజ్ఞతలు. లార్గాక్టిల్ అధ్యాయం తీసివేస్తున్నాను. మెడ మీది మచ్చను నాయిక మొదటి వారంలోనే చూస్తుంది, డాక్టరు అడిగినప్పుడు మాత్రం “ముసలిదాని మురికి” అని తర్జుమా చేస్తుంది. ఏడాది తరువాత గానీ ఆ మాట ఎంత పని చేసిందో ఆమెకు తెలియదు. రెండో అధ్యాయం జుట్టు కత్తిరించడంతో మొదలవుతుంది. నర్సమ్మ గారూ, ఆ కత్తెర ఎటువంటిదో చెబుతారా?

విశ్రాంత నర్సు

మొనలు గుండ్రంగా ఉండేది, అమ్మా. తాళాల గుత్తికే నవారు ముక్కతో కట్టి ఉండేది. డ్యూటీ మారేటప్పుడు రోగుల తలలు, అన్నం స్పూన్లు లెక్కపెట్టినాక దాన్ని కూడా లెక్క చెప్పి అప్పగించేవాళ్లం.