అప్‌డేట్: అమ్మమ్మ గురించి చర్చిలో మాట్లాడాను

అమ్మమ్మ అంత్యక్రియల పూజలో నేను మాట్లాడాలి, 94 ఏళ్ల జీవితాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని పోయిన వారం అడిగాను కదా. మాట్లాడాను.

ముందు ఫాదర్‌గారిని కలవమన్న సలహా చాలా పనికొచ్చింది. పూజలో ఫాదర్‌గారు చేసే ప్రసంగం దేవుని వాక్యం మీదే ఉండాలట, పోయినవాళ్లను పొగడడానికి కాదు. సత్ప్రసాదం (పూజలో పంచే పవిత్ర రొట్టె) తర్వాతి ప్రార్థన అయ్యాక, చివరి వీడ్కోలు ప్రార్థనకు ముందు ఇంట్లోవాళ్లు ఒకరు క్లుప్తంగా మాట్లాడొచ్చు. నా మూడు పేజీలు ఒక్క పేజీ అయ్యాయి.

తేదీలు, మనవల లెక్క తీసేసి, ఆమె జపమాల గురించే చెప్పాను. వేళ్ల మధ్య నలిగి నలిగి పూసలు నున్నబడ్డాయి. సిలువ దగ్గర తెగితే నల్లదారంతో ముడేసుకుంది. లాటిన్ పూజతో పెరిగిన మనిషి, స్థానిక భాషల్లో పూజకు దారి తెరిచిన రెండవ వాటికన్ మహాసభ (క్యాథలిక్ బిషప్పుల సమావేశం) తర్వాత సొంత భాషలో పూజ విని ఏడ్చిందట. 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు జపమాల ప్రార్థనలో వెలుగు రహస్యాలు, అంటే ధ్యానించుకునే యేసు జీవిత ఘట్టాలు కొన్ని, కొత్తగా చేర్చారు. డెబ్భై దాటాక వాటిని కంఠతా పట్టి, ప్రతి గురువారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అప్పజెప్పేది.

ఆ ముడి దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పూడుకుపోయింది. పిన్ని వచ్చి పక్కన నిలబడింది. జపమాలను అమ్మమ్మ చేతిలోనే ఉంచి పంపాం.