చౌడుకూ గాజుకూ సంబంధమేమిటి?

ప్రశ్న: “చౌటిమన్నుతో గాజు చేసేవారు” అన్న వాక్యం కనబడింది. గాజుకు మూలం ఇసుక కదా, పైరు ఎదగని చౌడుతో పనేమిటి? చౌడు, చౌటి ఒకే మాటేనా?

జవాబు: ఒకే మాటండీ. నాడు–నాటి, కాడు–కాటి లాగే చౌడు–చౌటి. బట్టలుతికే చాకలిసౌడూ ఇదే.

ఇసుకలోని సిలికా ఒంటరిగా కరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. కట్టెల కొలిమిలో అంత వేడి రాదు. సోడా (సోడియం కార్బొనేటు అనే క్షారం) తోడైతే 1,000–1,100 డిగ్రీలకే పాకానికొస్తుంది. ఎండాకాలంలో నేలలోని తేమ పైకి పాకి ఆవిరైనచోట తెల్లగా పొడిగట్టేది ఆ సోడానే. రోమన్లకు ఇదే పని ఈజిప్టులోని వాదీ నత్రూన్ సరస్సుల్లో దొరికే సోడా ఉప్పు, నత్రం, చేసిపెట్టింది.

వ్యాఖ్య: గాజు “కాచు” ధాతువు నుంచి వచ్చిందేమో? కాచి చేసేదే కదా.

జవాబు: వినడానికి బాగుంది కానీ కాదండీ. సంస్కృత “కాచ”మే మనకు గాజు అయింది, కన్నడంలోనూ గాజే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కాచమణి (గాజుపూస) అన్న మాట ఉంది. నన్ను ఆకట్టుకునేది ఇంకొకటి: సంస్కృతంలో కాచానికి గాజుతోపాటు క్షారలవణం అన్న అర్థమూ ఉంది. సరుకూ, దాన్ని కరిగించే ఉప్పూ ఒకే పేరులో ఉన్నాయి.

ప్రశ్న: చౌడు ఒక్కటీ చాలా, ఇసుక కలపాలా?

జవాబు: చౌటిమన్నులోనే సన్నని ఇసుక, బంకమన్ను ఉంటాయి. చాలకపోతే పలుగురాయి పొడి కలపాలి. మన పాత గాజులో అల్యూమినా (బంకమన్నులో ఉండే అల్యూమినియం ఆక్సైడు) తరచు 5 శాతం దాటడానికి ఆ మన్నూ, ఇసుకా కారణం. రోమన్ నత్రం గాజులో అది 2–3 శాతమే.

మిశ్రమాన్ని నేరుగా మూసలో (కరిగించే మట్టిపాత్రలో) పోస్తే సోడాలోని కార్బొనేటు నుంచి వాయువు వెలువడి పాకం పొంగుతుంది, బుడగలు మిగులుతాయి. అందుకే ముందు 750–800 డిగ్రీల దగ్గర కలియబెడుతూ వేయించి, చల్లార్చి, దంచి, ఆ తర్వాత కరిగించాలి. చౌడులో సోడాతోపాటు వచ్చే మామూలు ఉప్పు, సల్ఫేటు గాజులో పెద్దగా కలవవు, పైన తెట్టుగా తేలుతాయి. తీసేయకపోతే గాజులో తెల్లని మచ్చలు పడతాయి. సోడా తక్కువైతే ఇసుక రేణువులు కరగకుండా మిగిలిపోతాయి. మరీ ఎక్కువైతే గాజు గాలిలోని తేమ పీల్చి చెమర్చి, పొరలుగా చిట్లుతుంది.

రంగు కూడా మంటనుబట్టే. రంగుకోసం కలిపే రాగి ఒకటే అయినా, గాలి బాగా ఆడితే నీలిపచ్చ, పొగమంటలో ఎరుపు.