బక్‌డెన్ పైక్ మీద కూలిన వెల్లింగ్టన్ విమానం: శిక్షణలో మరణించినవారిని యుద్ధమృతులుగా లెక్కిస్తారా?

ప్రశ్న (సైనిక్‌పురి వాసి):
మా అమ్మాయి లీడ్స్‌లో చదువుకుంటోంది. కిందటి వేసవిలో మేము అక్కడికి వెళ్లినప్పుడు యార్క్‌షైర్ డేల్స్‌లో బక్‌డెన్ పైక్ అనే 702 మీటర్ల కొండ ఎక్కాము. పైన ఒక రాతి శిలువ, దాని పీఠంలో పొదిగిన విమానపు లోహపు ముక్కలు, వాటితోపాటు ఒక నక్క తల కంచుబొమ్మ కనిపించాయి. 1942 జనవరి 30న శిక్షణ కోసం బయలుదేరిన వెల్లింగ్టన్ బాంబర్ ఒకటి అక్కడ కూలిందనీ, పోలండ్ దేశస్థులైన ఆరుగురు సిబ్బందిలో ఒక్కరే బతికారనీ తెలిసింది. శత్రువు జాడ లేని ఆకాశంలో ఇది ఎలా జరిగింది? ఇలా పోయినవారిని యుద్ధమృతులుగా లెక్కిస్తారా? మా నానమ్మ యుద్ధకాలంలో బేగంపేట వైపు తిరిగిన గాలిమోటర్ల గురించి, వాటిలో ఒకటి పొలాల్లో పడటం గురించి చెబుతూ ఉండేది. ఇక్కడి వారి వివరాలు కూడా ఎక్కడైనా దొరుకుతాయా?

జవాబు (మారేడ్‌పల్లి నుంచి, విశ్రాంత వైమానికదళ ఉద్యోగి):
ఆ విమానం బ్రామ్‌కోట్‌లోని 18వ ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్‌కు చెందినది. పోలిష్ బాంబర్ సిబ్బందికి తర్ఫీదు ఇచ్చిన యూనిట్ అదే. మంచు తుపానులో కొండ కనిపించక దానిని ఢీకొన్నారు. ఆ కాలపు శిక్షణార్థులకు ఇది ఎంత సులభంగా జరిగేదో చెప్పాలంటే విమానం ఎత్తు చూపే ఆల్టీమీటర్ సంగతి చెప్పాలి. అది ఎత్తును నేరుగా కొలవదు. గాలి పీడనాన్ని కొలిచి, దానిని ఎత్తుగా చూపిస్తుంది. బయలుదేరిన చోట సరిచేసుకున్న ఆల్టీమీటర్‌తో పీడనం తక్కువగా ఉన్న తుపాను ప్రాంతంలోకి వెళితే, పది మిల్లీబార్ల తేడాకే అది ఉన్న ఎత్తు కన్నా సుమారు 90 మీటర్లు ఎక్కువ చూపిస్తుంది. దీనికి తోడు, నావిగేటర్ వేగాన్నీ దిక్కునూ గాలి అంచనానూ కలిపి తామెక్కడున్నదీ కాగితం మీద లెక్కగట్టేవాడు. గాలి అంచనా తప్పితే ఆ లెక్క మొత్తం తప్పేది, మేఘాల కింద నేల కనిపిస్తే తప్ప ఆ తప్పు బయటపడేది కాదు.

నక్క బొమ్మకు ఒక కారణం ఉంది. విమానం ముక్కలైనప్పుడు వెనుక గన్నర్ జోసెఫ్ ఫుస్నియాక్ కాలు విరిగినా ప్రాణాలతో బయటపడ్డారు. మంచులో నక్క అడుగులు చూసి, తిండి కోసం అది ఊరివైపే దిగుతుందని ఊహించి, ఆ జాడ పట్టుకుని క్రే అనే పల్లెకు చేరుకున్నారు. కొండ మీద ప్రాణాలతో మిగిలిన మరొక సహచరుడికి మాత్రం తుపాను వల్ల సహాయం సకాలంలో అందలేదు. ఆ శిలువను 1973లో నిలబెట్టించింది ఫుస్నియాక్ గారే.

జవాబు (హిమాయత్‌నగర్ నుంచి):
మీ రెండో ప్రశ్నకు సూటి సమాధానం ఉంది. కామన్వెల్త్ యుద్ధసమాధుల సంస్థ నియమం ప్రకారం 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 మధ్య సైనిక సేవలో ఉండగా మరణిస్తే చాలు. కారణం శత్రువు తూటా అయినా, కొండ అయినా, జ్వరమైనా తేడా లేదు. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో మరణించిన 55,573 మందిలో 8,000 మందికి పైగా పోయింది శిక్షణలోనూ ఇతర ప్రమాదాల్లోనూ. పోలిష్ వైమానికులూ ఆ మొత్తంలో భాగమే. అంత మందిని శిక్షణలోనే పోగొట్టుకున్న వ్యవస్థను, అలసిపోయిన పాత విమానాలను కొత్త కుర్రవాళ్లకు ఇచ్చిన వ్యవస్థను, నేను యుద్ధ అవసరం అన్న ఒక్క మాటతో క్షమించలేను. బక్‌డెన్ పైక్ మీద పోయిన ఐదుగురినీ ఇంగ్లండ్‌లోని న్యూఆర్క్ శ్మశానవాటికలో పాతిపెట్టారు.

ఇక మన ఊరి సంగతి. బేగంపేటలో యుద్ధకాలంలో ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల నడిచింది. దక్షిణ, తూర్పు భారతంలో సంరక్షణ కుదరని కంటోన్మెంట్ శ్మశానాల్లోని యుద్ధసమాధులను తరువాత చెన్నై నందంబాక్కంలోని మద్రాస్ యుద్ధ శ్మశానవాటికకు తరలించారు కాబట్టి, మీ వెతుకులాట అక్కడి పేర్ల పట్టికతో మొదలుపెట్టండి. దేహం దొరకనివారి పేర్లు సింగపూర్ స్మారకం మీద ఉంటాయి. శిక్షణ యూనిట్ల దినచర్య పుస్తకాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో ఏఐఆర్ 29 వరుసలో ఉన్నాయి.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న మా మేనత్తను అడిగాను. పడిన గాలిమోటరుకు రెక్క మీద రెక్క ఉండేదని నానమ్మ చెప్పినట్టు ఆవిడకు గుర్తుంది.

జవాబు (మారేడ్‌పల్లి నుంచి):
అయితే అది బాంబర్ కాదండీ. రెండంతస్తుల రెక్కలంటే బేగంపేటలో శిక్షణకు వాడిన టైగర్ మాత్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. అందులో శిక్షకుడు, శిక్షణార్థి, లేదా శిక్షణార్థి ఒక్కడే ఉంటాడు. పట్టికలో ఆరుగురి కోసం కాక, ఒకే తేదీన పోయిన ఒకరి కోసమో ఇద్దరి కోసమో చూడండి.