ఐదు నెలల పాపకు డేకేర్: ఫీజు, డిపాజిట్, నిబంధనల విషయంలో మీ సలహా కావాలి

ప్రశ్న (మియాపూర్, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. వచ్చే నెల రెండో వారంలో నా ప్రసూతి సెలవు పూర్తవుతుంది. చట్టం ప్రకారం దొరికే 26 వారాల్లో నాలుగు వారాలు కాన్పుకు ముందే వాడుకోవలసి వచ్చింది కాబట్టి, నేను ఉద్యోగంలో చేరే నాటికి పాపకు అయిదు నెలలు మాత్రమే నిండుతాయి. ఇంకా నా పాలు తప్ప మరేమీ పట్టడం లేదు. మా అత్తగారు, మామగారు నల్లగొండ దగ్గర వ్యవసాయం వదిలి రాలేరు. మా అమ్మ ఖమ్మంలో నాన్నగారి అనారోగ్యంతో సతమతమవుతోంది. డేకేర్ తప్ప మాకు మరో దారి లేదు.

ఇంటికి దగ్గరలో నాలుగు డేకేర్లు చూశాము. రెండింటిలో ఏడాది నిండని పిల్లలను తీసుకోమన్నారు, ఒకటి మాకే నచ్చలేదు. నాలుగోది శుభ్రంగా ఉంది, చంటిపిల్లలకు వేరే గది కూడా ఉంది. నెలకు 14,000 రూపాయలు, చేర్చుకునేటప్పుడు ప్రవేశ రుసుము 10,000, తిరిగి ఇస్తామంటున్న డిపాజిట్ 14,000, ఏటా కట్టవలసినది మరో 6,000, అంటే మొదటి రోజే 44,000 రూపాయలు కట్టాలి. ఆ మొత్తం కంటే సంతకం చేయమని ఇచ్చిన మూడు పేజీల ఒప్పందమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తోంది. పాప ఎన్ని రోజులు రాకపోయినా పూర్తి నెల ఫీజు కట్టాలి. జ్వరం వస్తే, అది తగ్గిన తర్వాత కూడా 24 గంటల వరకు తీసుకురాకూడదు. సాయంత్రం ఆరున్నర దాటితే ప్రతి అరగంటకు 200 రూపాయలు. మానేయాలనుకుంటే రెండు నెలల ముందు తెలియజేయాలి, లేకపోతే డిపాజిట్ తిరిగి రాదు. ఏటా పది శాతం ఫీజు పెరుగుతుంది. సీసీ కెమెరాలు ఉన్నాయి గానీ, దృశ్యాలు చూడాలంటే ముందుగా లిఖితపూర్వకంగా అడగాలి.

వీటిలో ఏవి సహజమైనవి, ఏవి మార్చమని అడగదగినవి? నేను పనిచేసే గచ్చిబౌలి కంపెనీలో సుమారు 120 మంది ఉద్యోగులు ఉన్నారు. చట్టప్రకారం కంపెనీ నుంచి నాకు రావలసినది ఏమైనా ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (విజయవాడ)

నేను విజయవాడలో పదకొండేళ్లుగా డేకేర్ నడుపుతున్నాను. నా మాట డేకేర్ల పక్షాన ఉంటుందని అనుకోవడం సహజమే, అయినా లెక్క మీ ముందు పెడతాను, మీరే చూడండి.

మా దగ్గర చంటిపిల్లల గదిలో పదిమందికి మించి చేర్చుకోము. ఆ గదికి ముగ్గురు ఆయమ్మలు ఉంటారు, ఒక్కొక్కరికి 13,000 చొప్పున 39,000 రూపాయలు. అద్దెలో ఆ గది వాటా, కరెంటు, ఇన్వర్టర్, బట్టలు ఉతికించడం, ఆయమ్మ సెలవు పెట్టిన రోజు పిలిపించే బదులు మనిషి కూలి అన్నీ కలిపితే మరో 35,000 అవుతుంది. ఒక్కో బిడ్డకు 9,000 తీసుకుంటే, పదిమంది ఉన్న నెల చేతికి కొంత మిగులుతుంది, ఏడుగురే ఉన్న నెల పదకొండు వేలు నా జేబులోంచి వేస్తాను. ఒక బిడ్డ పది రోజులు అమ్మమ్మగారింటికి వెళ్లిందని ఆయమ్మ జీతం తగ్గించలేము కదా. అందుకే రాని రోజులకు కూడా పూర్తి ఫీజు అడగడంలో తప్పు లేదని నేను నమ్ముతాను. మీరు కడుతున్నది ఆ రోజు పెట్టిన అన్నానికి కాదు, మీ పాప కోసం ఎప్పుడూ సిద్ధంగా ఉండే మనిషికి. అయితే వరుసగా పదిహేను రోజులకు మించి రాకపోతే సగం తీసుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది, అడిగి చూడండి.

జ్వరం నిబంధన చూసి మీరు బాధపడకండి, అది లేని చోట చేర్చవద్దు. చేతులు, పాదాలు, నోటి మీద పొక్కులు వచ్చే జబ్బు ఒక బిడ్డకు వస్తే వారం తిరిగేలోగా గదంతా పాకిపోవడం నేను కళ్లారా చూశాను. టీకాల కార్డు అడగని డేకేర్‌ను కూడా నమ్మకండి.

మీ ఒప్పందంలో నాకు కనిపించిన అసలు లోపం వేరు. మీరు రాసిన నిబంధనలన్నీ మీరు చేయవలసినవే. వారు చేయవలసినది ఒక్కటీ లేదు. ఎంతమంది చంటిపిల్లలకు ఎందరు ఆయమ్మలు ఉంటారో అందులో రాసి ఉందా? కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్ల లోపు పిల్లలు పదిమందికి ఒక సంరక్షకురాలు, తోడుగా ఒక సహాయకురాలు ఉండాలని ఉంది. నా అనుభవంలో, ఏడాది లోపు పిల్లలు పదిమంది ఉంటే ఇద్దరు చాలనే చాలరు. పాలు పట్టిన తర్వాత బిడ్డను భుజాన వేసుకుని, త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలలో మిగిలిన తొమ్మిదిమందిలో ఇద్దరు ఏడుస్తూనే ఉంటారు, ఒకరికి బట్ట మార్చవలసి ఉంటుంది. మనుషులు చాలని చోట ముందుగా ఆగిపోయేది ఆ త్రేన్పే. బిడ్డను అలాగే పడుకోబెడతారు, కక్కుకుంటుంది. కాబట్టి ఆయమ్మల సంఖ్యను, ఒకరు రాని రోజు ఏం చేస్తారో దానిని ఒప్పందంలో రాయించుకోండి. అది రాయడానికి వెనుకాడితే ఫీజు తగ్గించినా చేర్చవద్దు.

జవాబు (కొండాపూర్, హైదరాబాద్)

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఎందుకంటే ఆ ప్రశ్న అడగక నేను నష్టపోయాను. డేకేర్ పేరు ఇక్కడ చెప్పను. రంగురంగుల గోడలు, మెత్తటి నేల, గుమ్మంలోనే వేలిముద్రల యంత్రం చూసి మా బాబును ఏడో నెలలో చేర్చాను. ప్రతి బిడ్డకు ఒక పుస్తకం ఉండేది, పాలు ఎప్పుడు తాగాడు, ఎంతసేపు నిద్రపోయాడు, ఎన్నిసార్లు బట్ట మార్చారు అన్నీ అందులో రాసి సాయంత్రం ఇచ్చేవారు. నాకు అది చాలా నచ్చింది. ఒకరోజు పొరపాటున మరో బిడ్డ పుస్తకం మా సంచిలోకి వచ్చింది. తెరిచి చూస్తే రెండు పుస్తకాలలోనూ అవే సమయాలు ఉన్నాయి: పదకొండుకు పాలు, ఒంటిగంటకు పాలు, మూడు గంటలకు పాలు. రాత ఒక్కరిదే, సిరా కూడా ఒకటే. అంటే సాయంత్రం ఎవరో కూర్చుని అందరి పుస్తకాలూ ఒకేసారి నింపుతున్నారు. మర్నాడు మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లాను. తొమ్మిదిమంది పిల్లల దగ్గర ఒక్క ఆయమ్మ ఉంది. పాపం, ఆమె ఉదయం నుంచి కూర్చోలేదని చూడగానే తెలిసింది, ఆమెను తప్పుపట్టను.

ఆ వారమే మాన్పించాను. నెల రోజుల ముందు చెప్పలేదని 12,000 రూపాయల డిపాజిట్ తిరిగి ఇవ్వలేదు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వారి నుంచి డేకేర్‌కు సమాచారం వెళ్లిన తర్వాత సగం తిరిగి వచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మితిమీరిన డిపాజిట్లు అడగడాన్ని అన్యాయమైన ఒప్పందంగా పేర్కొన్నారని నాకు అప్పుడే తెలిసింది. మీ విషయంలో రెండు నెలల నోటీసు చాలా ఎక్కువ. ఒక నెలకు తగ్గించమనండి, పైగా మొదటి పదిహేను రోజులలో పాప అలవాటు పడకపోతే డిపాజిట్ పూర్తిగా తిరిగి ఇచ్చేలా రాయించండి. ఏ వేళలోనైనా ముందు చెప్పకుండా వచ్చి చూసే హక్కు కెమెరా దృశ్యాల కంటే ముఖ్యమైనది, దానిని మాత్రం వదులుకోకండి.

పాల విషయం ఒకటి చెప్పాలి. పిండిన పాలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు ఉంటాయి. మన వేసవిలో ఆ నాలుగు గంటలను కూడా నమ్మవద్దు. సీసా మీద పాప పేరు, తేదీ, పిండిన సమయం రాసి ప్లాస్టర్ అంటించి ఇవ్వండి. డేకేర్ ఫ్రిజ్‌లో ఆ సీసాలు తలుపు అరలో కాకుండా లోపలి అరలో పెడుతున్నారో లేదో చూడండి. వేడినీళ్ల గిన్నెలో ఉంచి నులివెచ్చన చేయమని చెప్పండి, మైక్రోవేవ్ వద్దు.

జవాబు (హైదరాబాద్, ఒక సంస్థలో మానవ వనరుల విభాగం)

మీ చివరి ప్రశ్నకు జవాబు ఇస్తాను. ఉద్యోగులు, ఆడవారు మగవారు కలిపి, 50 మంది లేదా అంతకు మించి ఉన్న ప్రతి సంస్థ శిశు సంరక్షణ కేంద్రం సదుపాయం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పింది. 2025 నవంబరు నుంచి ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ (సోషల్ సెక్యూరిటీ కోడ్) ఆ నియమం ఉంది. సొంతంగా నడపకపోయినా, ఇతర సంస్థలతో కలిసి ఉమ్మడిగా ఏర్పాటు చేయవచ్చు. విశ్రాంతి విరామంతో కలిపి రోజుకు నాలుగుసార్లు తల్లి అక్కడికి వెళ్లి రావడానికి అనుమతించాలి. ఇవి కాక, బిడ్డకు పదిహేను నెలలు నిండేవరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వడం ముందు నుంచే చట్టంలో ఉంది. సెలవు ముగిశాక, పని స్వభావం అనుకూలిస్తే, ఇద్దరి అంగీకారంతో ఇంటి నుంచి పనిచేసే వీలు కూడా ఉంది.

అయితే ఖర్చు ఎవరు భరించాలో 2017 సవరణ స్పష్టంగా చెప్పలేదు. అందుకే కొన్ని కంపెనీలు డేకేర్‌తో ఒప్పందం చేసుకుని పూర్తి ఫీజు కడతాయి, కొన్ని సగం కడతాయి, మరికొన్ని రాయితీ ధర ఇప్పించి ఊరుకుంటాయి. 120 మంది ఉన్న మీ కంపెనీకి బాధ్యత కచ్చితంగా ఉంది. నోటిమాటగా అడగకుండా, "సామాజిక భద్రతా స్మృతి కింద శిశు సంరక్షణ సదుపాయం ఏ కేంద్రంలో కల్పిస్తున్నారో తెలియజేయగలరు" అని ఒక్క వాక్యం ఈమెయిల్‌లో రాయండి. రాతపూర్వకంగా అడిగినదానికి మా విభాగంలో తప్పనిసరిగా జవాబు తయారుచేయవలసి వస్తుంది, నడవాలో అడిగినది మరుగున పడిపోతుంది.

మరొక మాట. పాప ఇంకా మీ పాల మీదే ఉంది కాబట్టి డేకేర్ మియాపూర్‌లో కాకుండా గచ్చిబౌలిలో, ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరంలో చూడమని నా సలహా. పాలిచ్చే విరామాలు మియాపూర్‌లో ఉన్న బిడ్డకు ఏ విధంగానూ అక్కరకు రావు. ట్రాఫిక్‌లో చంటిబిడ్డను తిప్పాలనే ఇబ్బంది నిజమే, కానీ సాయంత్రం ఆరున్నర దాటిందని అరగంటకు 200 చెల్లించే బాధ కూడా దీనితో తప్పుతుంది.

డేకేర్ ఫీజుకు పన్ను మినహాయింపు ఆశించకండి. పాప పెద్దయి ప్లేస్కూల్‌లో చేరాక, పాత పన్ను విధానంలో ఉన్నవారికి ట్యూషన్ ఫీజు లెక్కలోకి వస్తుంది, అప్పుడు దానికి విడిగా రసీదు తీసుకోండి. ఇంత ఫీజు కట్టలేని వారెవరైనా ఇది చదువుతుంటే, కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తిలో భాగమైన పాల్నా పథకం కింద కొన్ని అంగన్‌వాడీలలో ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల వరకు పగలంతా చూసుకునే ఏర్పాటు ఉంది, మీ ప్రాంతంలో ఉందేమో కనుక్కోండి.

జవాబు (గుంటూరు)

అమ్మా, నా వయసు డెబ్బై నాలుగు. మా అమ్మ నూలు మిల్లులో పనిచేసేది. యాభై మందికి మించి ఆడకూలీలు ఉన్న ఫ్యాక్టరీలో పిల్లలకు గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు, మా మిల్లులో ఆ గది ఉండేది. మా చెల్లెలు ఏడిస్తే ఆయా వచ్చి కబురు చెప్పేది, అమ్మ చేతులకు అంటిన దూది దులుపుకుంటూ వెళ్లి పాలిచ్చి వచ్చేది. నువ్వు అడుగుతున్నది కొత్త కోరిక కాదు, మొహమాటపడకుండా అడుగు.

ప్రశ్న అడిగినవారి జవాబు, రెండు వారాల తర్వాత

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. గుంటూరు బాబాయిగారూ, మీ మాట చదివిన రాత్రే కంపెనీకి ఈమెయిల్ రాశాను. ఆరు రోజులకు జవాబు వచ్చింది. గచ్చిబౌలిలో ఒక డేకేర్‌తో ఒప్పందం ఇంతకుముందే ఉందట, ఎవరూ అడగనందున ఎవరికీ చెప్పలేదట. నెలకు 16,000 ఫీజులో సగం కంపెనీ కడుతుంది, ప్రవేశ రుసుము లేదు.

నిన్న మధ్యాహ్నం ముందుగా చెప్పకుండా వెళ్లి చూశాను. చంటిపిల్లల గదిలో ఏడుగురు పిల్లలు, ఇద్దరు ఆయమ్మలు ఉన్నారు. ఒకామె భుజాన బిడ్డను వేసుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ నడుస్తూనే నాతో మాట్లాడింది, నేను ఉన్నంతసేపూ బిడ్డను దించలేదు. పుస్తకాలు కూడా అడిగి చూశాను, సమయాలు ఒక్కో బిడ్డకు ఒక్కోలా ఉన్నాయి, ఒకచోట కొట్టివేసి మళ్లీ రాసి ఉంది. ఒప్పందంలో నోటీసు ఒక నెలకు తగ్గించారు. ఎనిమిదో బిడ్డ చేరితే మూడో ఆయమ్మను పెడతామని రాసి ఇమ్మన్నాను. మేనేజరు గారు పై అధికారులను అడిగి సోమవారం చెబుతామన్నారు. అది రాతలో వచ్చేవరకు డబ్బు కట్టకుండా ఆగాను.