పాత హెచ్‌ఎల్‌ఏ రిపోర్టులో డీఆర్‌బీ1*15 ఉంది, చెల్లికి ఎంఎస్ వచ్చింది

గుంటూరు అక్క:
2019లో నాన్నకు కిడ్నీ ఇచ్చే ముందు నాకు హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ (ఇద్దరి కణజాలం కలుస్తుందో లేదో చూసే జన్యు పరీక్ష) చేశారు. ఆ కాగితం ఇంకా బీరువాలోనే ఉంది. బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఉంటున్న మా చెల్లికి పోయిన నెల మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలింది, ఒంట్లోని రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బట. కుడి కన్ను మసకబారితే కళ్లద్దాల కోసమని వెళ్లింది, చివరికి ఎమ్మారై దాకా తీసుకెళ్లారు. ఈ జబ్బుకు డీఆర్‌బీ1*15 అనే జన్యు రకం పెద్ద ముప్పని చదివి బీరువా తెరిచాను. నా కాగితంలోనూ అదే! నాకూ, 11 ఏళ్ల మా అమ్మాయికీ ఇది రాసిపెట్టి ఉన్నట్టేనా?

విశాఖ శ్రీను:
ముందు చెల్లిగారికి ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష చేశారేమో అడగండి. ఆ పరీక్షలో బయటపడే ఎన్‌ఎంఓ అనే వేరే నరాల జబ్బు కూడా కంటితోనే మొదలై ఎంఎస్‌లా కనిపిస్తుంది, మందులు మాత్రం వేరు. మా ఆవిడకు ఏడాదిపాటు ఎంఎస్ అనే అనుకున్నాం.

పాత పిపెట్టు:
శ్రీను గారి మాట ముందు వినండమ్మా. ఇక కాగితం సంగతి. కిడ్నీ కేసులకు 17 ఏళ్లు టైపింగ్ చేసి రిటైరయ్యాను. మనవాళ్ల రిపోర్టుల్లో 15 ఎంత తరచుగా వస్తుందంటే, దానికి భయపడాల్సివస్తే నేను రోజూ జ్వరంతో ఇంటికి చేరేవాణ్ణి. నాకూ ఒకటుంది.

ఆ కాగితంలో 15 తర్వాత రెండు చుక్కలు పెట్టి 01 అనో 02 అనో ఉందా? లేకపోతే అది ఇంటిపేరు మాత్రమే, మనిషెవరో తెలియదు. ఐరోపావాళ్లలో ముప్పును సుమారు మూడు రెట్లు చేసేది 15:01. మన దగ్గర 15:02 కూడా బాగా కనిపిస్తుంది. ఆఫ్రికన్ అమెరికన్లలో 15:03కీ సంబంధం తేలింది. ఇటలీలోని సార్డీనియా దీవిలో అయితే 15 కాకుండా 03:01, 04:05 అనే రకాలు ముందుకొస్తాయి.

సరే, మీది 15:01 అనే అనుకుందాం. మూడు రెట్లంటే దేనికి మూడు రెట్లు? మంగళూరులో లెక్కతీస్తే ఎంఎస్ ఉన్నది లక్షకు ఎనిమిది మంది చిల్లరకే. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఎంఎస్ ఉన్నా, రెండోవారికి వచ్చేది నూటికి 25, 30 మందికే.

ఉమ్మి పంపితే ముప్పు శాతం చెప్పే కిట్ల జోలికి మాత్రం పోకండి. 2019లో 47 వేల మందికి పైగా రోగులను పరిశీలించి 233 జన్యు తేడాలు పట్టుకున్నారు. వాళ్లు ఐరోపా మూలాలవాళ్లు. ఆ కిట్లు చెప్పే శాతం వాళ్ల కొలతలకు కుట్టిన చొక్కా, మనకు సరిపోదు.

గుంటూరు అక్క:
15 దగ్గరే ఆగింది బాబాయ్ గారూ. చెల్లి కొడుకు లెస్టర్‌లోనే పుట్టాడు. మరి వాడి సంగతి?

పాత పిపెట్టు:
వాడికి మీ కాగితం కన్నా పుట్టిన దేశం ముఖ్యం. ఇక్కడినుంచి బ్రిటన్ వెళ్లినవాళ్లలో ఎంఎస్ అరుదే. అక్కడ పుట్టిన వాళ్ల పిల్లల్లో మాత్రం ఇంగ్లండువాళ్లకు దగ్గరగా ఉందని 1990లోనే రాశారు. ఒక్క తరంలో జన్యువులు మారవు కదా! ఎండ తక్కువ, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకే వయసు వేరు, ఇలాంటివే అనుమానాలు. అయినా తల్లికి ఉంటే బిడ్డకు వచ్చేది నూటికి రెండు మూడే. పిల్లలిద్దరికీ ఏ టైపింగూ చేయించకండి. చెల్లిగారి యాంటీబాడీ రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి.