యార్క్‌లో నిలిచిన కర్ర, తోలు కొండాపూర్‌లో ఎందుకు నిలవలేదు?

ప్రశ్న (నాంపల్లి నుంచి)
గత ఆదివారం పిల్లలతో కలిసి సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ మ్యూజియం చూశాను. శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు ఉన్నాయి గానీ కర్రముక్క గానీ తోలు పేలిక గానీ కనిపించలేదు. ఇంగ్లండులోని యార్క్‌లో, కాపర్‌గేట్ వీధిలో 1976 నుంచి 1981 వరకు జరిగిన తవ్వకాల్లో మాత్రం వెయ్యేళ్ళ నాటి వైకింగుల (ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చి స్థిరపడినవారి) చెప్పులు, ఊలు మేజోడు, తడిక గోడలు దొరికాయట. కొండాపూర్ ఇంకా పాతది కాబట్టే ఈ తేడా వచ్చిందా, లేక నేలలోనే ఏదైనా ఉందా?

సమాధానం 1 (సికింద్రాబాద్)
వయసు కన్నా నేలలోని తడే ముఖ్యమండీ. యార్క్‌లో ఊజ్, ఫాస్ అనే రెండు నదుల నడుమ ఇళ్ళ చెత్త, పేడ, చెక్క పేళ్ళు పొరలు పొరలుగా పేరుకుని, ఎప్పుడూ నీరు ఊరుతూ గాలి చొరబడకుండా ఉండటం వల్ల, చెక్కను తినే బూజు అక్కడ బతకలేకపోయింది. కొండాపూర్ దిబ్బ వానకు తడుస్తుంది, ఎండకు ఎండుతుంది. పందిరి గుంజ పుచ్చేది ఎక్కడో మీరు చూసే ఉంటారు, తడీ గాలీ రెండూ తగిలే నేల మట్టం దగ్గరే. బావి అడుగున వేసిన నేరేడు చెక్క మాత్రం తరాలు గడిచినా చెడదు.

సమాధానం 2 (తార్నాక)
చదువుకునే రోజుల్లో యార్క్ వెళ్ళి, తవ్విన చోటనే 1984లో తెరిచిన యార్విక్ అనే వైకింగుల ప్రదర్శనశాల చూశాను. కాపర్‌గేట్ అంటే గిన్నెలు, కప్పులు చేసేవారి వీధి. తరిమెన (చెక్కను తిప్పుతూ చెక్కే సాధనం) మీద చెక్క గిన్నెను తొలిచినప్పుడు నడుమ మిగిలిపోయే మొద్దుముక్కలు అక్కడ దొరికాయి. వీధి పేరును నేలే రుజువు చేసిందన్నమాట. నన్ను కదిలించినవి రాజుల సొత్తు కాదు, ఈ పారేసిన ముక్కలే.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. నీటిలో నిలిచిన చెక్కను ఎండలో పెడితే ముడుచుకుని చీలిపోతుంది. అందుకే తడిగానే ఉంచి, పాలిథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని నెమ్మదిగా లోపలికి ఎక్కిస్తారు. మన దగ్గర చెరువు శిఖం పక్కన సెల్లార్లు తవ్వేటప్పుడు నల్లటి బురదలో పాత చెక్క కనబడితే, కడిగి ఆరబెట్టకుండా తడి గోనెపట్టా కప్పి, రాష్ట్ర పురావస్తు శాఖకు కబురు చేయండి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా పెదనాన్నగారి ఊళ్ళో పాత దిగుడుబావి ఉంది. వేసవిలో నీళ్ళు అడుగంటినప్పుడు అందులో నేరేడు చెక్క ఉందేమో చూసి ఇక్కడ ఫొటో పెడతాను.