హాస్టల్లో దాడి జరిగి పది రోజులైంది, యూనివర్సిటీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఏం చేయాలి?

మా ఫ్రెండ్‌ని హాస్టల్ మెట్ల దగ్గర ఒక సీనియర్ కొట్టాడు, కనుబొమ్మ పైన నాలుగు కుట్లు పడ్డాయి. అదే రాత్రి వార్డెన్‌కి చెప్పాం, మర్నాడు రాతపూర్వకంగా ఫిర్యాదు కూడా ఇచ్చాం, కానీ అందినట్టు సంతకం పెట్టిన కాపీ అడిగితే "తర్వాత చూద్దాం" అన్నారు, విచారణ కమిటీ వేశారో లేదో కూడా ఇప్పటిదాకా తెలీదు. కొట్టినవాడు మాత్రం అదే ఫ్లోర్‌లో తిరుగుతున్నాడు. మావాడు రాత్రిళ్లు గడియ పెట్టుకుని, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి పడుకుంటున్నాడు.

అన్నిటికంటే నాకు టెన్షన్ సీసీటీవీ గురించే. పాత రికార్డింగ్ మీద కొన్నాళ్లకి కొత్తది ఎక్కేస్తుంది కదా, దాన్ని భద్రపరచమని విడిగా లెటర్ ఎవరికి రాయాలి, సెక్యూరిటీ ఆఫీసుకా, రిజిస్ట్రార్‌కా? విచారణ తేలేదాకా ఇద్దరినీ వేరే బ్లాకుల్లో ఉంచమని అడగొచ్చా? అడిగితే దెబ్బలు తిన్నవాణ్నే గది మారమంటారేమో, అది చాలా అన్యాయం. కౌన్సెలర్‌కి చెప్పుకున్నవి కమిటీ దాకా వెళ్తాయా? అది తెలీకే వాడు అక్కడ నోరు విప్పడం లేదు. పోలీసులకి ఫిర్యాదు చేస్తే లోపలి విచారణ ఆపేస్తారని ఒకరు భయపెట్టారు, నిజమేనా?

ఇలాంటిది దగ్గరుండి చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్. మూడు వారాల్లో పరీక్షలు, వాడు పుస్తకమే తెరవట్లేదు.